పెదవి మీది పెద్దరికం

నేను ఒక పెట్టుడు మీసాన్ని. నవ్వితే నవ్వండి, నాకది అలవాటే. తెనాలిలో నాటకాలకు వేషాల సామాను అమ్మే సాంబయ్య పల్చటి వలగుడ్డ మీద ఒక్కో వెంట్రుకా ముడివేసి నన్ను తయారుచేశాడు. ఆ వెంట్రుకలు ఎవరివని అడిగితే మాత్రం మాట మార్చేస్తాను. ఎవరో ముసలమ్మ కొండ మీద మొక్కు తీర్చుకుని ఇచ్చిన జడ అది. దుర్యోధనుడి పౌరుషమంతా ఒక ముసలమ్మ జడలోంచి వచ్చిందని తెలిస్తే కౌరవసభలో నా పరువేం కావాలి?

గరువుపాలెం హైస్కూలు తెలుగు మాస్టారు నరహరి గారు బడి నాటకంలో దుర్యోధనుడి వేషానికి నన్ను కొని తెచ్చారు. అవి అరవైల నాటి రోజులు. తరగతి మొత్తానికి నలుగురే ఆడపిల్లలు. మాస్టారి వెనకే లోపలికి వచ్చి, మాస్టారితోనే బయటికి వెళ్ళిపోయేవారు. ఎస్సెల్సీ కుర్రాళ్ళకు పరీక్షల కంటే మీసం బెంగ ఎక్కువ. మూతికి ఆముదం రాసుకునేవారు. గీస్తే దట్టంగా వస్తుందని తండ్రి కత్తి దొంగిలించి నున్నటి మూతిని గీసుకునేవారు. అలాంటి చోటికి నేను వెళ్ళాను. వాళ్ళు నన్ను చూసిన చూపుకి ఎవరికైనా తల తిరుగుతుంది. నాకూ తిరిగింది.

ఆ పొగరు మొదటి వార్షికోత్సవంలోనే దిగిపోయింది. దుర్యోధనుడి వేషం కట్టిన ముక్తేశ్వరరావు పద్యం ఎత్తుకుని రాగం తీస్తుండగా, చెమటకి జిగురు వదిలి నా కుడిభాగం అతని నోట్లోకి పోయింది. పాపం, ఉమ్మలేడు, మింగలేడు, రాగం ఆపలేడు. జనం వన్స్ మోర్ అన్నారు. నా కళాజీవితంలో నేను అందుకున్న మొదటి సత్కారం అదే.

బెల్ బాటమ్ ప్యాంట్లు వచ్చాయి, చెవులు కప్పే జుట్టు వచ్చింది. తరగతిలో సగం మంది ఆడపిల్లలే అయ్యారు. నాటకంలో ద్రౌపది మాత్రం ఇంకా మగపిల్లవాడే. ఎనభై మూడులో, రేపు నాటకమనగా, దుర్యోధనుడు వేసే కుర్రాడికి అమ్మవారు పోసింది. తెర వెనక నుంచి మాటలు అందించే హైమావతి అనే పదో తరగతి పిల్లకు నాటకమంతా కంఠస్థం.

"నేను కడతాను మాస్టారూ ఆ వేషం" అంది.

హెడ్మాస్టరు గారు ఒప్పుకోలేదు. "ఆడపిల్లకి మీసం పెడితే ఊళ్ళోవాళ్ళు ఊరుకుంటారా నరహరి గారూ? రేప్పొద్దున మిగతా ఆడపిల్లల్ని బడి మాన్పించేస్తారు."

"ఇన్నేళ్ళూ మగపిల్లాడికి చీర కడితే ఊరుకున్నారు కదండీ" అన్నారు నరహరి గారు.

మర్నాడు ఆ పిల్ల పైపెదవి మీద కూర్చున్నాను. ఆ పెదవి వణుకుతోంది. ముందు వరసలో ఆమె తండ్రి, రైసుమిల్లు గుమస్తా, చేతులు కట్టుకుని కూర్చున్నాడు. రెండో పద్యానికి వణుకు పోయింది. చప్పట్లన్నీ నాకే అనుకున్నాను, నా బుద్ధి అంతే. నాటకం అయ్యాక తండ్రి తెర వెనక్కి వచ్చాడు.

"ముందు ఆ మీసం తీసెయ్. ఇంటికి పోదాం" అన్నాడు. కాస్త ఆగి, "పద్యం బాగా చదివావమ్మా" అన్నాడు.

మిగతా ఆడపిల్లలెవరూ బడి మానలేదు.

నరహరి గారు రిటైరయ్యారు, ఆయనతోపాటు నాటకమూ రిటైరయింది. వార్షికోత్సవాలకు క్యాసెట్లు వచ్చాయి, తర్వాత సీడీలు, సినిమా పాటలకు డాన్సులు. నేను గదతో పాటు ట్రంకుపెట్టెలో నాఫ్తలీన్ ఉండల వాసన చూస్తూ పడి ఉన్నాను. ఒకసారి ఎవరో పిల్ల పెట్టె తెరిచి, నన్ను చచ్చిన ఎలక అనుకుని దూరంగా విసిరేసింది.

చివరికి నన్ను దులిపి సొరుగులో పెట్టింది హైమావతే. అదే బడికి హెడ్మిస్ట్రెస్ అయి వచ్చింది. ఇప్పటి పిల్లలు ఒకే బెంచీ మీద కూర్చుని ఫోన్లో మాట్లాడుకుంటారు. కుర్రాళ్ళు చెవుల పక్క జుట్టు గొరిగించి, వచ్చిన నాలుగు వెంట్రుకలనీ గడ్డమని దువ్వుకుంటారు.

పదో తరగతిలో రిత్విక్ అనే కుర్రాడు, అదే తరగతిలోని జోషిత అనే అమ్మాయి ఫోటోకి మీసం గీసి క్లాసు గ్రూపులో పెట్టాడు. ఆ పిల్లకు పైపెదవి మీద కాస్త నూగు ఉంది, అదే ఆమె నేరం. వారం రోజులు బడికి రాలేదు. ఇక రానని వాళ్ళమ్మతో అందట. హైమావతి నన్ను హ్యాండుబ్యాగులో వేసుకుని వాళ్ళింటికి బయల్దేరింది. ఇన్నాళ్ళకు ఒక ప్రాణి నా వల్ల బాగుపడబోతోందని నేను దారంతా మురిసిపోయాను.

జోషిత మూతికి చున్నీ కట్టుకుని ఉంది. ఏదో క్రీము రాస్తే చర్మం కాలిందట. హైమావతి తన నాటకం కథంతా చెప్పి, నన్ను తీసి అరచేతిలో పెట్టింది. ఆ పిల్ల నన్ను అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఇదేంటి మేడం, దీనికి నాకున్నన్ని వెంట్రుకలు కూడా లేవు" అంది.

పురుగులు కొట్టేసిన నా బతుకు అదీ. హైమావతి నవ్వింది. పిల్ల కూడా చున్నీలో నవ్వింది. తర్వాత నెమ్మదిగా అడిగింది: "మీకు సిగ్గెయ్యలేదా మేడం?"

"ఎందుకెయ్యదు? పారిపోదామనుకున్నా. మొదటి పద్యం దాటేదాకా కష్టం. ఆ తర్వాత ఎవరున్నారో కూడా చూసుకోలేదు."

సోమవారం జోషిత చున్నీ లేకుండా వచ్చింది. హైమావతి ఆమెనూ రిత్విక్‌నీ తన గదిలోకి పిలిచింది. నేను బల్ల మీదే ఉన్నాను. వాడి మూతి మీద సన్నటి నల్లటి మీసం చూడగానే నాకు తెలిసిపోయింది, అది కాటుక పెన్సిలు గీత. దొంగమీసం దొంగమీసాన్ని గుర్తుపట్టదా?

"ఫోటో తీసేశాను మేడం. సారీ" అని నసిగాడు.

"నాకు కాదు, ఆ అమ్మాయికి చెప్పు" అంది హైమావతి.

వాడు చెప్పాడు. జోషిత వాడి మొహంలోకి సూటిగా చూసింది. ఆమె కూడా కనిపెట్టేసిందని నాకు అర్థమైంది. ఇక క్లాసు గ్రూపులో వీడి పని అయిపోయిందనుకున్నాను.

"ఇంకెవరికీ గియ్యకు" అంది. గుమ్మం దాటుతూ, మేడంకి వినపడకుండా గొంతు తగ్గించింది. "చెమటకి నీది కారుతోంది. తుడుచుకుని క్లాసుకి రా."

వాడు జేబురుమాలు తీసి గబగబా తుడుచుకున్నాడు. నలుపంతా పోయాక, కింద నాలుగు లేత వెంట్రుకలు మిగిలాయి. అవి ఎవరూ ముడి వెయ్యనివి, వాటంతటవే మొలిచినవి. ఇన్నేళ్ళలో మొదటిసారి నాకు అసూయ వేసింది.