నిలబడ్డ నీళ్ళు

సీతారత్నం పొయ్యి మీది పప్పు దించి, చెంగుతో చెయ్యి తుడుచుకుని ఫోనులో కాలువ నీటిమట్టం చూసింది. మీటరూ ముప్పై ఎనిమిది. నిన్నా అంతే, మొన్నా అంతే.

కాలువ వంతెనకి బిగించిన సెన్సారు పావుగంటకోసారి నీటిమట్టం పంపుతుంది. అది నిజం చెబుతోందో లేదో సరిచూడటానికి రోజుకి రెండుసార్లు గట్టు దిగి కొలతబద్దకి ఫోటో తీసి పంపడం ఆమె పని. నీటి సంఘంలో ఒక ఆడమనిషి పేరు ఉండాలన్నారని, పదో తరగతి చదివిందని, ఆమె పేరు రాసేశారు. అప్పటినుంచీ కాలువలో నీళ్ళు తగ్గితే ఊరు గోదావరి వైపు చూడటం మానేసి సీతారత్నం వైపు చూస్తోంది.

ఈ ఏడు రెండో పంట దాళ్వాకి నీళ్ళు చాలవని వంతులు పెట్టారు. ఏ కాలువలో మట్టం తొంభై సెంటీమీటర్లకి దిగితే ఆ కాలువకి పైనుంచి వదులుతారు. ఇవాళ మధ్యాహ్నం పన్నెండింటికి వచ్చే అంకెను బట్టి జాబితా. ఇవాళ తప్పితే మళ్ళీ ఎనిమిది రోజులకి. చేలు పాలు పోసుకుంటున్నాయి. ఎనిమిది రోజులు ఆగితే మిగిలేది తాలే.

వారం కిందట ఆమె భర్త మంగరాజు, మరో నలుగురు రైతులు కలిసి వంతెనకి కాస్త దిగువన ఇసుక బస్తాలతో కట్ట వేశారు. సన్నగా వచ్చే నీళ్ళు దిగువ శివారు చేలకి జారిపోకుండా ఆగాయి. గట్టు పక్క మళ్ళు తడుస్తున్నాయి, లోపలి చేలు మాత్రం నెర్రెలిచ్చాయి. సెన్సారుకి నీటి ఎత్తు తెలుసు కానీ పారుతోందో లేదో తెలియదు. పైఆఫీసులో చూసేవాళ్ళకి ఈ కాలువ నిండుగా ఉంది.

ఆమె కాలువల ఇంజనీరు ప్రవీణ్ కుమార్‌కి ఫోను చేసింది.

"అవి పారే నీళ్ళు కాదండీ. కొబ్బరి డొక్క పడేస్తే పడ్డచోటే ఉందండి. వీడియో పెట్టేను, చూసేరా?"

"చూసేనండి. నాకు తెలుస్తోందండి. పైవాళ్ళు చూసేది నా వాట్సాప్ కాదు కదండీ, అంకె. ఆ కట్ట తీయించండి. పన్నెండుకి తొంభైకి దిగితే మీ కాలువ పేరు దానంతటదే ఎక్కుద్ది."

"దిగకపోతేనోనండీ?"

"ఆయ్... దిగుతుందిలెండి."

ఆ 'లెండి' సీతారత్నానికి నచ్చలేదు.

మంగరాజు కంచం ముందు కూర్చున్నాక చెప్పింది. "ఏమండీ, కట్ట తీసేద్దామండీ. అది ఉన్నన్నాళ్ళూ మనకి నీళ్ళు వదలరు."

అతను ముద్ద కలుపుతూ నవ్వాడు. "చేతిలో నీళ్ళు పారబోసి నీ ఫోనులో నీళ్ళు తాగమంటావేంటే?"

"నవ్వకండి. ఇవాళే ఆఖరు."

"నా ఒక్కడి కట్టా అది? ఆ నలుగురికీ నేనేం చెప్పను? మా ఆవిడ ఫోనులో చూసిందని చెప్పనా? చారు పొయ్యి."

చారు పోసింది. అతను తిని, కొత్తపేటలో పనుందని బండి తీసుకుని వెళ్ళిపోయాడు.

పదిన్నరకి ఆమె ఫోటో కోసం కాలువ దిగింది. కట్టకి దిగువన ఎకరం కౌలు చేస్తున్న కృపమ్మ తన చేను గట్టు మీద నిలబడి ఉంది. మడిలో అరచెయ్యి పట్టేంత నెర్రెలు.

"బాగున్నారా రత్నంగారండీ?" అంది కృపమ్మ. కట్ట గురించి ఒక్క మాట ఎత్తలేదు. వారం నుంచీ ఎత్తలేదు.

బద్ద మీద మీటరూ ముప్పై ఎనిమిది. ఫోనులో అంకె కొట్టే గడి ఒక్కటే ఉంది. నీళ్ళు కదలటం లేదని రాయడానికి చోటే లేదు. సీతారత్నం ఫోను జాకెట్లో దోపుకుని, కుచ్చిళ్ళు ఎగ్గట్టి కట్టకి దిగువ వైపు లోతులేని నీళ్ళలోకి దిగి ఒక బస్తా పట్టుకుని లాగింది. అది కదలలేదు.

"ఒక్కరివల్ల ఎక్కడవుద్దండి," అంటూ కృపమ్మ కూడా దిగింది. "అయ్యగారు వస్తే మాత్రం మీరే చెప్పుకోవాలండోయ్. నేను మీ చీర తడవకుండా పట్టుకున్నానంటాను."

ఇద్దరూ నవ్వుకుంటూ ఆరు బస్తాలు లాగారు. ఏడోదాన్ని నీళ్ళే తోసేశాయి. నిలిచిపోయిన కొబ్బరి డొక్క దిగువకి కదిలింది.

పదకొండుకి మీటరూ ఇరవై ఒకటి. పావుకి మీటరూ ఆరు. కృపమ్మ చేలో నెర్రెలు నీళ్ళు తాగుతున్న చప్పుడు వినబడుతోంది. పదకొండున్నరకి తొంభై ఏడు. సీతారత్నం తెలిసిన దేవుళ్ళందర్నీ తలుచుకుంది. ముప్పావుకి తొంభై నాలుగు.

అప్పుడు చూసింది, కొబ్బరి డొక్క మళ్ళీ ఆగిపోయింది.

తల తిప్పి దిగువకి చూసింది. కృపమ్మ చేను దాటాక, కాలువకి అడ్డంగా ఇంకో బస్తాల వరస ఉంది.

"అది మీదా కృపమ్మా?"

"ఆయ్, మాదేనండి. మీ కట్టలోంచి ఊటగా ఒక బొట్టు వస్తే అదైనా మాకు ఆగాలి కదండీ."

"తీసేద్దాం కృపమ్మా. నాలుగు సెంటీమీటర్లే. పావుగంట ఉంది. తీస్తే అందరికీ నీళ్ళొస్తాయి."

కృపమ్మ తన చేలోకి ఎక్కుతున్న నీళ్ళని చూసింది. "వారం రోజులు మీ కట్ట ఉందండి. తీయమని మేం అడిగేమా?" గొంతులో కోపం లేదు. "మీ ఫోను మాట నిజమే అయ్యుంటది. నా ఒక్కదాని కట్ట కాదు కదండీ. నాతో కలిసి వేసిన ముగ్గురికీ నేనేం చెప్పనండి?"

పొద్దున్న తన వంటింట్లో విన్న మాటే.

వంతెన మీద బండి ఆగింది. మంగరాజు దిగి, తెగిన కట్టని చూశాడు, దిగువ కట్టని చూశాడు, నడుం లోతు నీళ్ళలో ఉన్న భార్యని చూశాడు.

"ఎంత చూపిస్తోందే నీ ఫోను?"

పన్నెండు అయింది. ఆమె బద్దకి ఫోటో తీసి, గడిలో తొంభై నాలుగు కొట్టింది. కొలత సరిపోయిందని, ధన్యవాదాలని తెర మీద పచ్చగా వెలిగింది.

"తొంభై నాలుగండీ. ఇంక ఎనిమిది రోజులకే," అంది.

మంగరాజు పైకి రమ్మనలేదు. కృపమ్మ కూడా తన గట్టు మీదికి ఎక్కేసింది. సీతారత్నం ఏ గట్టు ఎక్కాలో తెలియక అక్కడే నిలబడిపోయింది.