ఇస్తారి సంతకం

పోలీసులు కాగితం ముందు పెట్టగానే ఇస్తారి మొహం వెలిగిపోయింది. ఒక్కసారి చాలన్నా వినకుండా మూడుసార్లు సంతకం చేశాడు. సూపర్‌వైజరును కావాలనే చంపానని ఒప్పుకునే కాగితం అది.

పక్కనున్న దేవయ్య మేస్త్రీ తల పట్టుకున్నాడు. తన ఊరివాడైన ఇస్తారికి ముప్పయ్యేళ్లొచ్చినా బుద్ధి ఆరేళ్లది. ఒమాన్ వీసా పరీక్ష గట్టెక్కాలని ఆ సంతకం నేర్పింది తనే. ఇప్పుడా సంతకమే అంతకుడైంది.

ఆ రోజు ఒమాన్‌లోని రూవి అనే చోట, భవనం కట్టే సైటులో మూడో అంతస్తుకు ఇటుకల బుట్ట లాగుతుండగా తిండి గంట మోగింది. గంట మోగితే పని వదలాలని నేర్పారు; ఇస్తారి తాడు వదిలాడు. కింద సూపర్‌వైజరున్నాడు. తాడు జారకుండా పట్టు పెట్టని కంపెనీ, కావాలనే వదిలాడని చెప్పి ఆ తాడును ఇస్తారి మెడకు చుట్టింది.

కోర్టులో తర్జుమా చేసే దుబాసీ బాబు మియా కూలీల రూముకొచ్చాడు.

"దేవన్నా, పిచ్చోడైతే మాఫీ అంటుండు ఖాజీ సాబ్. గని సంతకం చేస్తడు, మూడేండ్ల పూరా డ్యూటీ కార్డుంది, గసుంటోడు మందమతి ఎట్లయితడని అడుగుతుండు."

"ఆ డ్యూటీ వాడు జేసిండా? నలభైమందిమి తలా ఇంత మోసినం," అన్నాడు దేవయ్య.

"గా మాట చెప్పు, పో!" తోటి కూలీ భూమయ్య మండిపడ్డాడు. "వాన్ని దాచినమని ఒప్పుకుంటే కాంట్రాక్టర్ మనందర్ని ఊరికి తోల్తడు."

"మనల్ని ఊరికేరా! వాన్ని ఉరికి!" అన్నాడు దేవయ్య.

కూలివాడి మతిని కొలవడానికి దొరల దగ్గరున్న తూకం ఒకటే: వాడు మోసిన బరువు. తూగినంతకాలం పనివాడు, తప్పినరోజు హంతకుడు.

మర్నాడు ఒక్కడూ డ్యూటీకి పోలేదు. నలభైమంది కోర్టులో నిలబడ్డారు. దేవయ్య ఇస్తారికి కలమిచ్చాడు.

"మీ అవ్వ పేరు రాయి బిడ్డా."

'ఇస్తారి' అని రాశాడు.

"నా పేరు రాయి."

ఇస్తారి.

"ఖాజీ సాబ్ పేరు."

ఇస్తారి. మూడు రాతలూ ఒక్కటేనని తెలుగు రాని ఖాజీకీ కనిపించింది. గది గొల్లున నవ్వింది. ఇస్తారీ నవ్వాడు. దేవయ్య తలెత్తలేకపోయాడు.

"నాటకం!" కాంట్రాక్టరు లేచాడు. "వీడి సంగతి దాచిన దొంగలెవరో ముందుకు రమ్మనండి! జైల్లో తోయించండి!"

బాబు మియా తర్జుమా ముగించేలోపే దేవయ్య అడుగు ముందుకేశాడు. పళ్లు కొరుకుతూ భూమయ్య వేశాడు. తర్వాత ఇద్దరు, పదిమంది, నలభైమంది. పేర్లు రాసుకునే గుమాస్తాకు కాగితం చాలలేదు.

అందరూ కదలడం చూసి ఇస్తారి పరుగున వచ్చి వరస చివర నిలబడ్డాడు, తనను తాను దాచిన నేరానికి.

అది చూసి ఖాజీ, ఉరి తీర్పు రాయకుండానే కలం కింద పెట్టాడు. దాచినవాళ్లను జైలుకు తీసుకెళ్లడానికి పోలీసులు తలుపులు మూశారు. ఇన్నాళ్లూ వాణ్ణి వెనక దాచినవాళ్లలో ఈసారి ఎవరూ ఇస్తారిని వెనక్కి లాగలేదు.