ముప్పై నాలుగు సోమవారాలు

ఆ షాపులో అమ్మకానికి పెట్టని వాచీ ఒకటుంది. షాపు తెరిచిన రోజున నాన్న దాన్ని తన చేతికి పెట్టుకుని, "కౌంటర్లో కూర్చున్నవాడి చేతికి షాపు మొత్తంలోకీ మంచి వాచీ ఉండాలి. మనం పెట్టుకోనిది ఎదుటివాణ్ణి పెట్టుకోమని ఏ మొహంతో చెప్తాం?" అన్నాడు. నాన్న పోయాక కౌంటరుతో పాటు ఆ వాచీ కూడా తమ్ముడికి వచ్చింది. వెనక గదిలో కిటికీ పక్కనున్న బల్ల, దాని మీది పట్టకార్లు, నూనె గిన్నెలు, కంటికి తగిలించుకునే భూతద్దం అక్కకి వచ్చాయి. ముప్పై ఒక్క ఏళ్ళుగా అమ్మడం తమ్ముడి వంతు, బాగుచెయ్యడం అక్క వంతు. వీధిలో అందరికీ ఆమె భూతద్దం అక్క. అసలు పేరు తమ్ముడికైనా గుర్తుందో లేదో.

సోమవారం పొద్దున షట్టరు ముందు సగమే లేచేది. తమ్ముడు వంగి లోపలికొచ్చి, వాచీ విప్పి అక్క అరచేతిలో పెట్టేవాడు. రేడియోలో తొమ్మిది గంటల పీప్ వినపడగానే ఆమె సెకన్ల ముల్లు చూసేది. క్రితం సోమవారం నుంచి ఎన్ని సెకన్లు ముందుకు పోయిందో, ఎన్ని వెనకబడిందో పుస్తకంలో రాసి, సరిచేసి తిరిగి ఇచ్చేది. అప్పుడు షట్టరు పూర్తిగా లేచేది.

అది కీ ఇచ్చే వాచీ కాదు. లోపల అర్ధచంద్రంలా ఒక చిన్న బరువు ఉంటుంది. చెయ్యి ఊగినప్పుడల్లా అది తిరిగి స్ప్రింగును బిగిస్తుంది. మనిషి కదిలితేనే వాచీ నడుస్తుంది, విప్పి పక్కన పెడితే రెండో రోజుకి ఆగిపోతుంది. అందుకే ఆ పుస్తకంలోని అంకెలు ఒక్క వాచీవే కావని అక్కకు తెలుసు. తమ్ముడు టైఫాయిడ్‌తో మంచం పట్టిన వారం తక్కువ నలభై సెకన్లు. కూతురు పుట్టిన వారం ఆసుపత్రి వరండాలో కాలుగాలిన పిల్లిలా తిరిగాడు, ఎక్కువ పంతొమ్మిది. ఒక సోమవారం తక్కువ పన్నెండు వచ్చింది. తమ్ముడు ఏమీ చెప్పలేదు, ఆమె ఏమీ అడగలేదు. మర్నాడు ఇంటి నుంచి రెండు క్యారియర్లు తెచ్చింది.

"ఇదేంటక్కా?"

"కూర ఎక్కువైందిలే, తిను."

మరదలు అలిగి పుట్టింటికి వెళ్ళిందని తర్వాత ఎప్పుడో తెలిసింది.

వెళ్ళిపోయేవాళ్ళంటే అక్కకు భయం. పెళ్ళైన నాలుగో ఏడు, కట్టుకున్నవాడు ఒక సంచీ భుజాన వేసుకుని "ఇప్పుడే వస్తా" అని గడప దాటాడు, మళ్ళీ దాటలేదు. అప్పటి నుంచి ఎవరు "ఇప్పుడే వస్తా" అన్నా ఆమె కళ్ళు గోడ గడియారం మీదకు పోతాయి. టీ తాగడానికి వెళ్ళిన తమ్ముడు పావుగంట దాటితే పట్టకారు పక్కన పెట్టి గుమ్మంలోకి వస్తుంది.

అలాంటి మనిషికి ఎదురుగా స్మార్ట్ వాచీల షోరూం వచ్చింది. మొత్తం అద్దాలే. లోపల తెల్లటి వెలుగు, పొద్దున్నించీ జనం. అడుగులు లెక్కపెట్టేవి, నిద్ర లెక్కపెట్టేవి, ఫోను మాట్లాడేవి. మొదటి నెల అక్కాతమ్ముళ్ళు వాటిని చూసి నవ్వుకున్నారు. రెండేళ్ళకి చచ్చే వాచీ వాచీయేనా, దాన్ని కొడుక్కి ఇస్తాడా, మనవడికి ఇస్తాడా అనుకున్నారు. ఆ తర్వాత నవ్వడం మానేశారు. కౌంటరు ముందు కుర్చీలు ఖాళీ. వారానికి ముగ్గురొస్తే గొప్ప, అందులో ఇద్దరు టైము అడగడానికి.

ఒక రోజు అక్క ఉండబట్టలేక అడిగేసింది. "ఒరేయ్, నువ్వు కూడా అటు వెళ్ళిపోతావా?"

తమ్ముడు కుడిచేత్తో ఎడమ మణికట్టు పట్టుకున్నాడు. "ఈ వాచీ నా చేతికున్నంత కాలం ఈ కౌంటరు వదలనక్కా. సరేనా? ఇంక ఆ మొహం మార్చు."

ఆ మాట పట్టుకునే ఆమె ఏడాది నెట్టుకొచ్చింది. తమ్ముడు పోతే షాపు లేదు. అమ్మడం ఆమెకు చేతకాదు, నలుగురితో నవ్వుతూ మాట్లాడటం అంతకన్నా చేతకాదు. ప్రతి సోమవారం వాచీ అరచేతిలో పడగానే, ఇంకో వారం గడిచిందని లోపల్లోపల దణ్ణం పెట్టుకునేది.

పైగా అంకెలు ఎప్పుడూ లేనంత బాగా వచ్చాయి. ఎక్కువ మూడు. మళ్ళీ ఎక్కువ మూడు. వారాల తరబడి ఎక్కువ మూడు. ముప్పై ఏళ్ళలో ఆ వాచీ ఇంత బుద్ధిగా ఎప్పుడూ నడవలేదు. తన చెయ్యి తిరిగిందని మురిసిపోయింది ఆమె. తమ్ముడి మనసు కూడా కుదుటపడిందనుకుంది. పక్క షాపు టైలరు పెద్దాయనకు పుస్తకం తెరిచి మరీ చూపించింది. ఆయన ఏదో అనబోయి, గొంతు సవరించుకుని, "బాగుందమ్మా" అని వెళ్ళిపోయాడు. వాచీ వెనక రేకు చల్లగా తగిలినా చలికాలం కదా అనుకుంది. చలికాలం పోయినా తగిలితే, ఇప్పుడు నిండు చేతుల చొక్కాలే తొడుగుతున్న తమ్ముడికి రక్తం తక్కువై చేతులు చల్లబడుతున్నాయేమో అని బెంగపడి ఖర్జూరాలు తెచ్చిపెట్టింది.

అయిదేళ్ళకోసారి వాచీని పూర్తిగా విప్పి కడగాలి. ఆ సోమవారం దాని వంతు వచ్చింది.

"ఈసారికి వద్దులే అక్కా. బంగారంలా నడుస్తోందిగా" అన్నాడు తమ్ముడు.

"నడుస్తున్నప్పుడే కడగాలిరా. ఆగిపోయాక కడిగేది స్నానం కాదు" అని ఆమె వాచీ లాక్కుంది.

ముందుగా తోలు పట్టీ ఊడదీసింది. పట్టీకీ వాచీకీ మధ్య సందులో నల్లటి మడ్డి ఉండాలి, చెమటా దుమ్మూ కలిసి గట్టిపడినది. సూదితో గీకితే ఏమీ రాలేదు. పట్టీని ముక్కు దగ్గర పెట్టుకుంది. చెమట వాసన లేదు, ముఖమల్ గుడ్డ వాసన వచ్చింది. బకిలు పెట్టి పట్టీని బల్ల మీద నిలబెట్టింది. అది గాజులా గుండ్రంగా నిలబడింది.

అక్క దానివైపే చూస్తూ ఉండిపోయింది. మనిషి మణికట్టు గుండ్రంగా ఉండదు. పైనా కిందా చదునుగా, పక్కల్లో వంపు తిరిగి ఉంటుంది. ఏళ్ళ తరబడి ఒక చేతికి ఉన్న తోలుకు ఆ చేతి ఆకారమే వస్తుంది. పట్టీ చూసి అది ఎవరి వాచీనో ఆమె చెప్పేయగలదు. గుండ్రంగా ఉండేది ఒక్కటే, వాచీలను తిప్పే పెట్టెలోని ముఖమల్ దిండు. పది వాచీలున్న మారాజులు, పెట్టుకోని వాచీలు ఆగిపోకుండా అలాంటి పెట్టెలు కొంటారు. అది కరెంటుతో వాచీని నెమ్మదిగా తిప్పుతూ ఉంటుంది, ఎప్పుడూ ఒకేలాగ. జ్వరం లేదు, అలక లేదు, వరండా లేదు. వారం వారం ఎక్కువ మూడు.

భూతద్దం తీసి పక్కన పెట్టింది. లేచి పక్క షాపుకి వెళ్ళింది. టైలరు పెద్దాయన మెడలో టేపుతో చొక్కా కత్తిరిస్తున్నాడు.

"పెద్దాయనా, మా తమ్ముడు పొట్టి చేతులు మానేసి నిండు చేతుల చొక్కాలు ఎప్పటి నుంచి కుట్టించుకుంటున్నాడు?"

ఆయన కత్తెర ఆపాడు. "నన్నెందుకమ్మా ఇందులోకి లాగుతావు?"

"చెప్పండి."

"ఎనిమిది నెలలైంది. ఎడమ కఫ్ అర అంగుళం వదులుగా కుట్టమన్నాడు. ఎందుకురా అంటే, కింద లావుపాటిది ఒకటి పట్టాలి బాబాయ్ అన్నాడు." ఆయన తల ఎత్తలేదు. "నీకు తెలిసే ఉంటుందనుకున్నా మొదట్లో. ఆ పుస్తకం తెచ్చి చూపించావే, అప్పుడు తెలిసింది నీకు తెలీదని."

"ఇంకెవరికి తెలుసు?"

"వీధిలోనా?" అని పెద్దాయన మళ్ళీ కత్తెర పట్టుకున్నాడు. ఇంక అడగాల్సింది ఏమీ మిగల్లేదు.

తిరిగొచ్చేసరికి తమ్ముడు కౌంటర్లో ఉన్నాడు. అక్క గుండ్రటి పట్టీని అద్దం మీద పెట్టింది.

"ఎడమ చెయ్యి ఇలా తే."

"ఎందుకక్కా?"

"తెమ్మంటున్నానా!"

తేలేదు. ఆమే పట్టుకుని కఫ్ గుండీ విప్పింది. నల్లటి గాజుబిళ్ళ. వెలుతురు తగలగానే దానంతటదే వెలిగింది.

"ఎప్పుడు చెప్దామనుకున్నావు?"

"సోమవారం."

"ఏ సోమవారం?"

తమ్ముడు తల దించుకున్నాడు. "ప్రతి సోమవారం అనుకునేవాణ్ణక్కా. పీప్ వినపడేది, నువ్వు అంకె చూసి ఇంత మొహం చేసుకునేదానివి. నోరు పెగిలేది కాదు."

"మరి ఇది?" పట్టీని వేలితో తోసింది.

"ఇంట్లో పెట్టెలో ఉంటుంది. సోమవారం జేబులో వేసుకొచ్చి, వీధి మలుపులో ఇది తీసి అది పెట్టుకునేవాణ్ణి."

వీధి మలుపు నుంచి షాపుకి నూరడుగులు. అందుకే రేకు చల్లగా ఉండేది. తను తెచ్చిన ఖర్జూరాలు గుర్తొచ్చి అక్కకు ఒళ్ళంతా సిగ్గు పాకింది.

"ఎదురు షాపులో చేరుతున్నావు."

"ఒకటో తారీకు నుంచి. మాట ఎప్పుడో అయిపోయింది. వాచీ చేతికున్నంత కాలం వదలనని నీకు చెప్పాను కదా... అది పెట్టుకుని వాళ్ళతో మాట్లాడలేకపోయా. అందుకే ముందు దాన్ని తీసేశా."

"ఆహా! ఎంత నిజాయితీ!"

"ఎగతాళి చెయ్యకక్కా. నీకు బల్ల ఉంది, వాచీ ఉంది, తల వంచుకుంటే పొద్దు పోతుంది. నాకు మనుషులు కావాలి. పొద్దున్నించీ సాయంత్రం దాకా ఆ ఖాళీ కుర్చీలతో ఏం మాట్లాడను? మన వాచీ గొప్పదే, వందేళ్ళుంటుంది, ఎవరు కాదన్నారు? కానీ ఇది నన్ను లేచి నడవమంటుంది. నిద్ర పట్టలేదా అంటుంది. నువ్వు ముప్పై ఏళ్ళూ వాచీ ఎలా ఉందో చూశావు. నేనెలా ఉన్నానో ఏ సోమవారమైనా అడిగావా?"

అక్క వెనక గదిలోకి వెళ్ళి పుస్తకం తెచ్చి, పాత పేజీ ఒకటి తెరిచి వేలు పెట్టింది.

"తక్కువ పన్నెండు. ఇదేంటో తెలుసా? మరదలు వెళ్ళిపోయిన వారం. నువ్వు చెప్పావా నాకు? రెండు క్యారియర్లు ఎందుకు తెచ్చాననుకున్నావు, కూర ఎక్కువైందనా?" పేజీలు తిప్పింది. "ఇది నీ జ్వరం. ఇది నీ కూతురు. నువ్వెలా ఉన్నావో నోటితో అడగడం నాకు రాదురా, ఇలాగే చూసేదాన్ని. ఎదురు షాపుకి పోతే పో. కానీ ముప్పై నాలుగు వారాలు... ఒక పెట్టె ఎలా ఉందో నాతో రాయించావే! నువ్వు బాగున్నావనుకుని నేను నిద్రపోయానురా."

తమ్ముడి మణికట్టు మీద గాజుబిళ్ళ గుర్రుమని అదిరింది. గుండె వేగంగా కొట్టుకుంటోందని, ఒక్క నిమిషం నెమ్మదిగా ఊపిరి తీసుకోమని అక్షరాలు వెలిగాయి. ఇద్దరూ చదివారు.

"తీసుకో. చెప్తోందిగా" అని అక్క లోపలికి వెళ్ళిపోయింది.

ఒకటో తారీకున తమ్ముడు వెళ్ళాడు. తాళాల గుత్తి అద్దం మీద పెట్టి, గుమ్మం దగ్గర వెనక్కి తిరిగి, "ఎదురుగానే కదక్కా, ఇప్పుడే..." అని, మిగతా మాట మింగేశాడు.

అక్క తన బల్లను ముందు గదిలోకి, కౌంటరు వెనక్కి జరిపించుకుంది. వాచీకి కొత్త పట్టీ వేసింది. కౌంటర్లో కూర్చునేవాళ్ళ చేతికి అది ఉండాలి కాబట్టి పెట్టుకుంది. ఆమె మణికట్టు సన్నం. పట్టీకి ఉన్న కన్నాలు చాలక సూదితో ఇంకో రెండు పొడవాల్సి వచ్చింది. అయినా మోచేతి దాకా జారుతుంది, పని చేస్తుంటే బల్లకు కొట్టుకుంటుంది. మొదటి మూడు రోజుల్లో ఇద్దరొచ్చారు. ఒకతను ఆ వాచీ ఎంతని అడిగాడు. అది అమ్మకానికి కాదని చెప్పి, ఇంకేం చెప్పాలో తెలియక అతని మొహం చూస్తూ నిలబడింది. అతను వెళ్ళిపోయాడు. రెండో మనిషి తన తల్లి వాచీ బాగుచెయ్యమని ఇచ్చి, కుర్చీలో కూర్చుని గంటసేపు తల్లి గురించి చెప్పాడు. మధ్యలో ఊఁ కొట్టాలని ఆమెకు ఆలస్యంగా తట్టింది.

సోమవారం వచ్చింది. షట్టరు సగం ఎత్తి పుస్తకం తెరిచింది. రేడియో పీప్ అంది. తక్కువ ఇరవై రెండు. ఇంత చెడ్డ అంకె టైఫాయిడ్ తర్వాత ఇదే.

రాసే ముందు ఎర్ర కలం తీసుకుని, ముప్పై నాలుగు 'ఎక్కువ మూడు'లనూ ఒక్కొక్కటిగా కొట్టేసింది. స్కేలు పెట్టి ఒక్క గీతతో కొట్టేయొచ్చు. అలా చెయ్యలేదు, ఒక్కో వారానికీ ఒక్కో గీత గీసింది. తర్వాత కింద ఇరవై రెండు రాసింది.

షట్టరు పూర్తిగా లేపేసరికి ఎదుటి అద్దాల వెనక తమ్ముడు ఉన్నాడు. చుట్టూ నలుగురు. చేతులు ఊపుతూ ఏదో చెప్తున్నాడు, వాళ్ళు నవ్వుతున్నారు. తొమ్మిదిన్నర ప్రాంతంలో అతను మాట ఆపి వీధి ఇటువైపు చూశాడు. అతని చూపు ఆమె మొహం మీద కాకుండా చేతి మీద పడింది. వాచీ ఎలా నడుస్తోందో అడుగుతున్నట్టు కనుబొమలు ఎగరేశాడు.

అక్క పని కోటు చెయ్యి కిందకు లాగి మణికట్టు కప్పేసుకుని, గుండీ పెట్టుకుంది.