మాటలు తీసేసి పంపండి

నా భయం ఒక్కటే. మా తోటికోడలు ఎక్కడో ఒక గదిలో చచ్చిపోయి ఉంటుందని, ఆ సంగతి తెలియక నేనిక్కడ పొయ్యి మీద పాలు పొంగకుండా చూసుకుంటూ ఉంటానని. పిల్లకు ఒళ్ళు కాలిపోతున్నా ఇంత భయపడను. మా ఆయన లారీ వేసుకుని ఘాట్ రోడ్డెక్కినా ఇంత భయపడను. ఆమెను నేను అక్కా అని పిలుస్తాను. మా ఆయన అన్నగారి భార్య. వాళ్ళు పైఅంతస్తులో ఉండేవాళ్ళు, మేము కింద.

నా చదువు తొమ్మిదో తరగతిలో ఆగిపోయింది. నాలుగు ముక్కలు రాయాలంటే ఇప్పటికీ తడుముకుంటాను. అయినా మా సంగీతం తీసుకోండి అని లైబ్రరీలకు రాసింది నేనే. ఈ లైబ్రరీల్లో పుస్తకాలుండవు. సీరియళ్ళు, ప్రకటనలు, చిన్న సినిమాలు తీసేవాళ్ళందరూ సంగీత దర్శకుణ్ణి పెట్టుకోలేరు కదా. వాళ్ళు అక్కడికెళ్ళి, ముందే చేసిపెట్టిన సంగీతంలోంచి తమకు సరిపోయే ముక్క ఎంచుకుంటారు. అందులో పాట ఉండకూడదు, మనిషి గొంతు ఉండకూడదు. వాయిద్యం మాత్రమే. "కుట్టిన బట్టల కొట్టు లాంటిదే పిల్లా, కొలతలు తీసేవాడుండడు, అంతే," అని అక్క చెప్పింది.

పెళ్ళికి ముందు అక్క ఒక వాద్యబృందంలో వయొలిన్ వాయించేది. బావగారు ఆఫీసుకు వెళ్ళాక ఆమె మెట్లు దిగి వచ్చేది. మెట్ల కింద సామాన్ల గదిలో పాత పరుపులు గోడలకు తాళ్ళతో కట్టి, మధ్యలో మైకు పెట్టుకున్నాం. నేను రికార్డు మీట నొక్కడం, డప్పు మీద కర్రతో కొట్టడం, మా పిల్ల బుడిగి ఏడవకుండా దాని నోట్లో ఏదో ఒకటి పెట్టడం. ఇదీ నా ఉద్యోగం.

మొదట వానలా, ఉయ్యాలలా ఉండే మెత్తటివి పంపాం. లైబ్రరీలో కొత్త సంగీతం విని ఏరే ఆవిడకు మేము చెవులమ్మ అని పేరు పెట్టుకున్నాం. ఆవిడ ఫోన్ చేసింది.

"బాగున్నాయమ్మా. కానీ తియ్యటివి మా దగ్గర అటకెక్కించేంత ఉన్నాయి. మాకు హింస కావాలి. క్రైమ్ సీరియళ్ళకి. ఎడిటర్లకి ఓపికుండదు, వినడం మొదలెట్టగానే దెబ్బ పడాలి. చివర మెల్లగా సన్నగిల్లకూడదు, కత్తితో కోసినట్టు ఆగాలి. చెయ్యగలరా?"

నేను ఫోన్‌కు చెయ్యి అడ్డం పెట్టి ఆ మాట అక్కకు చెప్పాను.

"హింసేగా? అది నాకు కొట్టినపిండి అని చెప్పు," అంది అక్క. తర్వాత తన మాటకు తనే నవ్వింది. నవ్వితే పక్కటెముకలు నొప్పి పుట్టి గోడ పట్టుకుంది.

చేశాం. అక్క విల్లును తిరగేసి కర్రవైపుతో తీగలను బాదేది. క్యారెట్ల కట్టను తడి తువ్వాల్లో చుట్టి మెలితిప్పితే ఎముక విరిగినట్టే ఉండేది. గుమ్మడికాయను తడిగుడ్డతో కొడితే వీపు మీద పడ్డట్టే ఉండేది. విరిగిన ముక్కలు బుడిగి తినేసేది. "మన సంగీతాన్ని కరకరా నమిలేది ఇదొక్కత్తే," అనేది అక్క.

ప్రతి ముక్కకూ అది ఎలాంటి సన్నివేశానికి పనికొస్తుందో రాసి పంపాలి. అది చూసే ఎడిటర్లు వెతుక్కుంటారట. నాకు పెద్ద పెద్ద మాటలు రావు. తెలిసినవే రాశాను: మగవాడు తాళంచెవి తిప్పుతున్నప్పుడు. టీవీ సౌండు పెంచినప్పుడు. తల గోడకు తగిలాక ఇంట్లో ఎవరూ మాట్లాడనప్పుడు.

అక్క అవి చదివింది.

"ఇవన్నీ కిందికి వినపడతాయా?"

"వినపడతాయక్కా."

"బుడిగికి కూడానా?"

నేను బుడిగి నోట్లో ఇంకో క్యారెట్టు ముక్క పెట్టాను. ఆమె విల్లు తీసుకుని ఒక ముక్క వాయించింది. చెవులమ్మ దాన్ని ఆ రోజే తీసుకుంది.

మా కంప్యూటర్ పాతది, మాటిమాటికీ పడుకునేది. చేసినది పోతుందని భయపడి, రికార్డు ఆపగానే అది దానంతటదే ఇంటర్నెట్లో చెవులమ్మ వినే చోటికి వెళ్ళిపోయేలా అక్క ఏర్పాటు చేసింది. మంచిచెడ్డలు ఆవిడే ఏరుకుంటుందిలే అనుకున్నాం.

ఒప్పందానికి ముందు లైబ్రరీవాళ్ళు వాయించిన మనిషితో స్వయంగా మాట్లాడాలి. ఇది నాదే, ఎక్కడా ఎత్తింది కాదు అని ఆ మనిషి నోటితో చెప్పాలి. అక్కకు ఫోన్ లేదు. నా నంబరు ఇద్దామన్నాను. ఆమె బావగారి నంబరు ఇమ్మంది.

"అక్కా, మతి పోయిందా నీకు?"

"ఆయన వినాలే. నేను చెప్తే పిచ్చివాగుడు. అదే ఆఫీసు మనిషి, పరాయి మనిషి, మీ ఆవిడ గొప్పగా వాయిస్తుందండీ అంటే పొంగిపోతాడు. బయటివాళ్ళ మాటంటే ఆయనకు ఎంత గురో నీకు తెలీదు."

నిజమే. వీధిలో ఆయనంత మర్యాదస్తుడు లేడు. ముసలివాళ్ళ చేతిలో సంచులు అందుకుని ఇంటిదాకా మోసేవాడు. అక్క మొహంలో ఆ ఆశ చూసి నేనింక వాదించలేకపోయాను.

చెవులమ్మ ఫోన్ చేసినప్పుడు ఆయన ఆఫీసులో ఉన్నాడు. ఆవిడ మెచ్చుకుంటూనే మాట్లాడింది పాపం. "మీ ఆవిడ హింసని ఇంత బాగా ఎలా పలికిస్తున్నారండీ? ఎక్కడ నేర్చుకున్నారు?" అందట.

ఆయన మధ్యాహ్నమే ఇంటికొచ్చాడు. మేము పరుపుల గదిలో ఉన్నాం, రికార్డు నడుస్తోంది. పరుపుల వల్ల అడుగుల చప్పుడు కూడా వినపడలేదు. తలుపు తెరుచుకుంది.

"ఎక్కడ నేర్చుకున్నావని అడుగుతోంది ఆవిడ," అన్నాడు. గొంతు కూడా పెంచలేదు. "ఏం చెప్పమంటావ్?"

అక్క లేవబోయింది. జుట్టు పట్టి మొహాన్ని బల్లకేసి కొట్టాడు. మళ్ళీ కొట్టాడు. పెదవి చిట్లి రక్తం వయొలిన్ మీద పడింది.

"నా ఇంటి గుట్టు డప్పు కొట్టి అమ్ముకుంటావా? చెప్పవే, ఎక్కడ నేర్చుకున్నావ్? గురువుగారి పేరు చెప్పు!"

"బావగారూ, వదిలెయ్యండి, మీ కాళ్ళు పట్టుకుంటా," అని నేను మీద పడ్డాను. మోచేత్తో నా ఛాతీ మీద పొడిచాడు. ఊపిరి అందలేదు. ఆయన ఆమె ఎడమచేతిని లాగి తలుపు సందులో పెట్టాడు. కుడిచేయి కాదు. స్వరాలు పలికేది ఎడమచేతి వేళ్ళ కింద. ఆ సంగతి ఆయనకు తెలుసు. తలుపు మీద ఒరిగి, ఒళ్ళంతా బరువు వేసి మూశాడు.

ఆ చప్పుడు క్యారెట్లలా లేదు. ఇంకా చిన్నగా ఉంది. తర్వాత అక్క అరిచిన అరుపు నేను రాయలేను.

మైకు నిలబెట్టే ఇనపకర్రకు అడుగున బరువైన దిమ్మె ఉంటుంది. దాన్ని తిరగేసి రెండు చేతులా ఎత్తి ఆయన తల మీద కొట్టాను. గురి తప్పి చెవి మీద పడింది. చెవి పైభాగం చీలి వేలాడింది. ఆయన గోడకు పడ్డాడు. ఇంకోసారి ఎత్తాను. చంపేద్దామనే ఎత్తాను, అందులో దాపరికం ఏముంది.

అంతలో గుమ్మంలో బుడిగి. నేను కర్ర దించేలోపు ఆయన పాక్కుంటూ వెళ్ళి దాన్ని ఎత్తుకున్నాడు.

"ఏడవకు తల్లీ. పెదనాన్నకు దెబ్బ తగిలింది, చూశావా? మీ అమ్మే కొట్టింది." ఆయన రక్తం దాని గౌను మీద కారుతోంది. అరచేయి దాని మెడ చుట్టూ ఉంది. నొక్కడం లేదు. ఊరికే ఉంచాడు.

అక్క నేల మీంచి లేచింది. "పిల్లని కింద పెట్టండి. వస్తున్నా."

పిల్లను దించాడు. ఇద్దరూ మెట్లెక్కి వెళ్ళిపోయారు. నేను బుడిగిని చంకనేసుకుని, గదిలో గొళ్ళెం పెట్టుకుని, అన్నీ ఆపేశాను. రికార్డు కూడా.

మర్నాడు పొద్దున ఫోన్ మోగింది. చెవులమ్మ.

"నిన్న వచ్చింది విన్నానమ్మా. ఇన్నేళ్ళలో ఇంత సహజంగా ఎవరూ చెయ్యలేదు. ఆ ఎముక చప్పుడు ఎలా తెచ్చారో గానీ ఒళ్ళు జలదరించింది. తీసుకుంటున్నాం. ఒక్కటే చిక్కు, మధ్యలో ఎవరో మాట్లాడుతున్నారు. మాటలు తీసేసి పంపండి, చాలు."

"అది సంగీతం కాదు మేడమ్," అన్నాను.

"అంటే?"

"అది మా అక్క చెయ్యి."

అవతల కుర్చీ జరిగిన చప్పుడైంది. ఆవిడ ఏడుస్తోందని కాసేపటికి గానీ నాకు అర్థం కాలేదు. ముందు పోలీసుల దగ్గరికి వెళ్ళు, ఫోన్లో నేనూ మాట్లాడతాను అంది.

వెళ్ళాను. ఆ రికార్డు వినిపించాను. పోలీసాయన మొదట భయపడ్డాడు, బావగారికి కబురు పంపాడు. బావగారు చెవికి కట్టుతో, అక్కను వెంటబెట్టుకుని వచ్చాడు. లోపలికి రాగానే అందరినీ పేరుపేరునా పలకరించాడు.

"మా మరదలు మంచిదే సార్, కాస్త భయస్తురాలు. ఇవి వీళ్ళు అమ్ముకునే చప్పుళ్ళే. అందులో నా మాటలంటారా, నాటకానికి చెప్పమంటే చెప్పాను. కావాలంటే పాతవి కూడా వినండి." మేము చేసినవన్నీ మా కంప్యూటర్లోంచి తన ఫోన్లోకి ఎక్కించుకొచ్చాడు, వరుసగా వినిపించాడు. దెబ్బలు, విరిగే ఎముకలు. "ఇది గుమ్మడికాయ సార్. ఇది క్యారెట్టు. దీనికి నన్ను అరెస్టు చేస్తారా?"

ఎవరో నవ్వారు. తర్వాత అందరూ నవ్వారు.

"మరి ఆమె చెయ్యో?" అన్నాను.

"తలుపులో పడింది," అంది అక్క. పిండికట్టులో ఉన్న చేతిని కొంగు కింద పెట్టుకుంది. ఆమె చూపు నా మీద లేదు. నా చంకలో ఉన్న బుడిగి మీద ఉంది. ఆయన దాని పాదం పట్టుకుని ఆడిస్తున్నాడు.

పోలీసాయన చెవులమ్మతో ఫోన్లో మాట్లాడాడు. "రోజూ ఇవే వింటారు కదా మీరు. ఇది వినగానే ఏమనుకున్నారు? నిజం చెప్పండి."

ఆవిడ నిజమే చెప్పింది. "సంగీతమే అనుకున్నాను."

అంతే. తన చెవి దెబ్బకు నా మీద కేసు పెట్టనని, ఇంటి మనిషి కదా అని బావగారు పెద్దమనసు చూపించాడు. పోలీసాయన నాకు బుద్ధి చెప్పి పంపించాడు.

ఆ మరుసటి వారం బుడిగిని డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. రాత్రుళ్ళు ఉలిక్కిపడి లేస్తోంది. తిరిగొచ్చేసరికి పైవాటా ఖాళీ. పరుపులు తప్ప అన్నీ వ్యాన్లో వెళ్ళిపోయాయని ఎదురింటివాళ్ళు చెప్పారు. మా ఆయన వాళ్ళ అన్నకు ఫోన్ చేస్తే నంబరు పనిచెయ్యలేదు. "ఇన్నాళ్ళూ మనకెందుకులే అన్నాను," అని లారీలోంచి ఫోన్లో వెక్కివెక్కి ఏడ్చాడు. నాకు ఆయన్ని ఓదార్చాలనిపించలేదు. చెవులమ్మ ఆ రికార్డును ఎవరికీ ఇవ్వలేదు, పారెయ్యనూ లేదు. ఎప్పుడు కావాలన్నా ఇస్తానంది. కానీ దాంతో మళ్ళీ పోలీసుల దగ్గరికి వెళ్ళడానికి ఇప్పుడు నాకు అక్క కనపడాలి.

అందుకే రాస్తున్నాను. మీ పక్కవాటాలోకి ఈమధ్య కొత్తగా ఎవరైనా దిగారేమో చూడండి. మగమనిషి కుడిచెవి పైన చీలిక ఉంటుంది. ఎదురైతే ముందు ఆయనే పలకరిస్తాడు, మీ చేతిలో సంచి అందుకుంటాడు. మీకు చాలా నచ్చుతాడు. ఆయన బయటికి వెళ్ళాక తలుపు తట్టండి. పంచదార అప్పుకొచ్చామనండి, పిల్లి దూరిందనండి, నోటికొచ్చింది చెప్పండి. బాగున్నావా అని మాత్రం అడగొద్దు, బాగున్నాననే అంటుంది. ఎడమచేయి చూపించమనండి. లోపల్నించి ఉలుకూ పలుకూ లేకపోతే ఎవరూ లేరులే అని వెనక్కి తిరగొద్దు. నలుగురినీ పిలిచి తలుపు తీయించండి. మీకు పుణ్యముంటుంది, ఇవాళే వెళ్ళి చూడండి.