రుక్కమ్మ చెయ్యి పెట్టిన నీళ్లు

నారాయణఖేడ్ డిపో నుంచి మొదటి బస్సు కదిలే వేళకు రుక్కమ్మ పీటర్ హోటలుకు వచ్చేది. కొంగు నడుముకు దోపుకొని, నీళ్ల డ్రమ్ము మూత తీసి, రెండు చేతులూ మోచేతుల దాకా ముంచి కాసేపు ఉంచేది. ఆ తర్వాతే పీటర్ ఆ నీళ్లు చాయ్ బాయిలర్‌లో పోసేవాడు. ఆ ఊరి బోరు నీళ్లకు కొత్త గిన్నె కూడా నెల తిరక్కుండా లోపల సున్నం పట్టి తెల్లబడుతుంది. పీటర్ బాయిలర్‌కు మాత్రం పదేళ్లుగా గీకుడు లేదు. రుక్కమ్మ చెయ్యి పెట్టిన నీళ్లు ఎక్కడా రాయి కట్టవు.

అదెట్లా అని ఎవరూ అడగలేదు. డ్రిప్పు పైపులు పూడుకుపోతే పక్కనున్న కంగ్టి రైతులు ఆటో తెచ్చి తీసుకుపోయేవాళ్లు. ఆమె తొట్టిలో చెయ్యి పెట్టి, కందిచేను గట్టు మీద చాయ్ తాగి తిరిగొచ్చేది.

ఒక మధ్యాహ్నం అన్న ఎల్లప్ప ఫోను చేశాడు. కోనసీమలో ఒక గ్యాసు బావి దగ్గర అతనిది కాంట్రాక్టు పని.

"రుక్కీ, మా బావి మూసేస్తరంటున్నరే."

"ఏమైందన్నా?"

"గ్యాసుతోని ఉప్పు నీళ్లు గూడ పైకొస్తయి. వాటికి పైపు లోపట సున్నం కడుతది. యాసిడ్ కొట్టి కడుగుతం. ఇరవై రోజులు మంచిగుంటది, మల్ల పూడుతది. సున్నం కట్టకుండ మందు గూడ ఏసినం, ఆగలే. ఇగ ఒక్కసారి చూస్తరట. గప్పుడు గూడ పూడితే సిమెంటు పోసి బంద్ చేస్తరు. నలభై మందిమి ఇంటికే."

ఎల్లప్ప రమ్మని అనలేదు. అడిగే మనిషి కాదు. అమ్మా నాయనా ఒకే ఏడు పోయినప్పుడు అతనికి పద్నాలుగేళ్లు, రుక్కమ్మకు ఆరు. చెరుకు కొట్టడానికి పోయి వచ్చిన ప్రతిసారీ చెల్లెలికి కొత్త చెప్పులు తెచ్చేవాడు. తను మాత్రం ఉత్త కాళ్లతోనే బస్సు దిగేవాడు.

"ఇరవై రోజులైతదేమో పీటరన్నా," అంది రుక్కమ్మ ఆ సాయంత్రమే.

"కానియ్యి. బాయిలర్ నేనే గీక్కుంట. అన్న కన్న ఎక్కువనా?" అన్నాడు పీటర్. దారికి నాలుగు బన్నులు కట్టిచ్చాడు.

కోనసీమలో బస్సు దిగేసరికి ఎల్లప్ప ఎదురుచూస్తున్నాడు. ఆమె సంచి అందుకున్నాడు గాని, వేళ్లతో పట్టుకోలేదు. మణికట్టుకు తగిలించుకున్నాడు.

"వేళ్లకేమైంది అన్నా?"

"వంగుతలేవు. కీళ్లల్ల సున్నం పేరుకుందన్నడు డాక్టరు. ఏడాదాయె. పనికేం అడ్డం లేదులే."

అన్నం మాత్రం స్పూనుతో తింటున్నాడు. అదీ పిడిని బొటనవేలికీ అరచేతికీ మధ్య ఇరికించుకొని.

మర్నాడు బావి దగ్గర ఇంజనీరు శ్రీవాణి గేట్ పాస్ పుస్తకం తెరిచింది. "ఏం పని అని రాయమంటారు?"

"చెయ్యి పెట్టనీకి, మేడం," అన్నాడు ఎల్లప్ప.

ఆమె అట్లాగే రాసింది. రుక్కమ్మకు హెల్మెట్ ఇచ్చి, "బూట్లు కొంచెం పెద్దవి, చూసి నడవండమ్మా," అంది.

యాసిడ్‌తో కడగడం అప్పటికే అయిపోయింది. రుక్కమ్మ నిచ్చెనెక్కి, మంచినీళ్ల ట్యాంకులో భుజాల దాకా చేతులు ముంచింది. ఎండ నడినెత్తికి వచ్చేదాకా తియ్యలేదు. ఆమె దిగాక ఆ నీళ్లలో ఎప్పటి మందే కలిపి బావిలోకి కొట్టి, ఒక రోజంతా మూసిపెట్టారు.

"ఈ నీళ్లు అడుగున రాతిలోకి ఇంకుతాయి," అంది శ్రీవాణి. "తర్వాత గ్యాసుతో పాటు కొద్దికొద్దిగా పైకొస్తాయి. అలా వస్తున్నన్నాళ్లూ పైపుకు సున్నం పట్టకూడదు."

"పట్టది," అంది రుక్కమ్మ.

బావి తెరిచారు. ఒత్తిడి చూపే గేజులో ముల్లు పైకి లేచింది. ఎవరూ సంబరపడలేదు. కడిగిన ప్రతిసారీ లేచేదే.

రుక్కమ్మ అన్న గదిలోనే ఉండిపోయింది. పొద్దు గూకే వేళ అతను జిడ్డు చేతులతో వస్తే, చెంబుతో నీళ్లు పోసి, సబ్బు రాసి, ఒక్కో వేలూ రుద్ది కడిగేది. చిన్నప్పుడు ఆమె మొహం కడిగింది అతనే గదా.

"ముల్లు ఎంతుంది అన్నా?"

"గంతే ఉంది."

రోజూ అదే మాట. పద్దెనిమిదో రోజు మాత్రం ఎల్లప్ప వచ్చి గడప మీద కూలబడ్డాడు. "కిందికి జారింది రుక్కీ."

రుక్కమ్మ అతని పక్కన కూచుంది. "నాతోని కాలేదు అన్నా."

"గంత దూరం కెల్లి నా కోసం వచ్చినవ్. గది చాలు నాకు. ఏడవకు."

ఆమె ఏడుస్తూనే అతని చేతులు కడిగింది. అతని వేళ్ల మీంచి తెల్లటి పిండిలాంటిది నీళ్లతో కొట్టుకుపోయింది. ఇద్దరూ చూడలేదు.

ఇరవై ఒకటో రోజు మధ్యాహ్నం శ్రీవాణి తనే గది దాకా వచ్చింది. చెప్పులు బయట విడిచి లోపలికొచ్చింది.

"చెడింది గేజు, బావి కాదమ్మా. కొత్తది పెట్టి మూడు రోజులు చూశాం. మొదటి రోజు ఒత్తిడి ఎంతో ఇవాళా అంతే. బావి మూయరు." రుక్కమ్మకు రెండు చేతులూ జోడించింది.

ఆమె వెళ్లాక రుక్కమ్మ అన్నం, పప్పు వడ్డించి, పక్కన స్పూను పెట్టింది. ఎల్లప్ప స్పూను జరిపేశాడు. అయిదు వేళ్లూ వంచి పప్పన్నం కలిపాడు. ముద్ద చేసి చెల్లెలి నోటికి అందించాడు.

"నువ్వు ముందుగాల తిను," అన్నాడు.

తిన్నది.

రెండో ముద్ద తను తిని, "ఉప్పు తక్కువైందే," అన్నాడు.

రుక్కమ్మ ఉప్పు కోసం లేవలేదు. పళ్లెంలో మెదులుతున్న ఆ వేళ్లనే చూస్తూ కూచుంది.