పరస్కీవ పెట్టిన రొట్టె

న్యాయపీఠములెక్కి కూర్చున్న పెద్దలారా, రైలుపట్టాలు మార్చు కూలివాడగు తోదెరును చెఱసాలలో చంపినది జ్వరము గాదు, మీరు. అందఱును ఎఱిగియుంటిరి. అందఱును నోరు మూసికొంటిరి. మీలోని వాని కథయే చెప్పుచున్నాను, వినుడు.

అది హేమంతారంభము. రొమేనియా రాజధానియగు బుకారెస్టు నగరము దంబోవిత్స నదీజలములనుండి లేచిన ధూమ్రవర్ణ నీహారమున నిలువెల్ల మునిగి మట్టమధ్యాహ్నమందే వీథిదీపములు వెలిగించుకొని కూర్చుండెను. ఆ దినముననే వలేరియు ద్రగోయెస్కు న్యాయశాఖామాత్యుడై అభినందనలు గైకొనుచుండెను. ఇతడు పూర్వము ప్రభుత్వ ప్రాసిక్యూటరుగా నున్నపుడు రెండు రైళ్లు ఢీకొని జనులు మడిసిరి. తప్పు రైల్వే డైరెక్టరుదని తెలిసియు సాక్షిని బెదిరించి తఱిమి నేరమును తోదెరు నెత్తిన రుద్దెను. చెఱలో చచ్చిన తోదెరు శవముమీద కాలుపెట్టియే న్యాయమూర్తి యయ్యెను, శాసనసభ్యుడయ్యెను, మంత్రి యయ్యెను.

పౌరులు పుష్పగుచ్ఛములు సమర్పించుచుండ తలకు నల్లగుడ్డ చుట్టిన పరస్కీవయను వృద్ధ ముందునకు వచ్చి జడవలె నల్లిన రొట్టెయు వెలుగుచున్న కొవ్వొత్తియు అతని చేత బెట్టెను. ఆ దేశమున మృతుల పేర అన్నమిచ్చుట ఆచారము. పుచ్చుకొన్నవాడు ఎవరి పేరిటనని యడిగి దేవుడు మన్నించుగాక యని పలికి తినవలెను. అతడు తిన్నది చచ్చినవానికి చేరునందురు. పదవీమదమున తన పల్లె యాచారము మఱచిన అమాత్యుడు దీనినిగూడ కానుకయేయనుకొని పేరడుగకయే కొఱికెను.

"బాగుందమ్మా."

"బాగుంటుంది బాబూ. మా ఆయన తోదెరు పేరిట పెట్టాను. జైల్లో కడుపుకి లేక పోయాడు" అని ఆమె నవ్వకయే చెప్పి వెడలిపోయెను.

నాటినుండి మంత్రి యేమి తిన్నను కడుపున పడలేదు. నమలును, మ్రింగును, ఆకలి మాత్రము చావదు. విందులలో ఎదుటి ఖాళీ కుర్చీనుండి ఎవడో తాపీగా నములు చప్పుడు వినవచ్చును; ఇతడు మ్రింగినపుడెల్ల అటనుండి త్రేన్పు. వైద్యులు పెదవి విఱిచిరి. ఎముకలు తేలిన మంత్రి తుదకు పరస్కీవను పిలిపించెను.

"ఏం కావాలమ్మా? పింఛను ఇప్పిస్తాను. ఆయన్ని నా ముందునుంచి లేపు."

"భోజనం మధ్యలో మొగుణ్ణి లేపే ఆడదాన్ని కాను బాబూ."

"మరి నాకు దారేది?"

"నిండు కోర్టులో నిలబడి అబద్ధపు కేసు పెట్టానని చెప్పండి. తీర్పు కొట్టేయించండి. ఆయనే లేస్తాడు."

"చెబితే నా పదవి పోతుంది."

"చెప్పకపోతే మీరు పోతారు. ఆలోచించుకోండి. మాకేం తొందర లేదు."

అతడాలోచించెను. పదవినే యుంచుకొనెను. పిమ్మట నొక రాజవిందున నిండిన పళ్లెరముల నడుమ, నోట మాంసఖండముండగనే, ఆకలిచే చచ్చెను. అతని పీఠమెక్కిన క్రొత్త మంత్రి తొలిముద్ద మ్రింగినంతనే ఎదుట నములు చప్పుడు విని పాలిపోయెనట.

కావున అడుగుచున్నాను; బతిమాలుట లేదు. తోదెరుపై నున్న తీర్పును నేడే నిండు న్యాయస్థానమున రద్దుచేయుడు. తఱిమివేసిన సాక్షిని పిలిచి పలికింపుడు. డైరెక్టరును బోనెక్కింపుడు. అంతవఱకు మీలో నెవడును భోజనమునకు కూర్చుండకుడు.