బిరడా మూత

"ఇది కుండ మూతలా లేదు, సారా సీసాలా ఉంది" అంది ఒడెట్.

రోలాండ్ పొయ్యి దగ్గర బూట్లు ఆరబెట్టుకుంటూ తలెత్తలేదు. "పిడి విరిగిపోయింది, బిరడా బిగించాను. చెయ్యి కూడా కాలదు. ఇంకేం కావాలి?"

"పదిమంది మధ్య పెట్టే కరెంటు కుండ ఇది."

"నలభై ఏళ్లుగా నా మొహం చూసి నవ్వనివాళ్లు బిరడా చూసి నవ్వుతారా?"

"నీ మొహాన్ని తీసుకెళ్లి హాల్లో అరుగు మీద పెట్టడం లేదుగా. షెడ్డులో ఆ పాత ఇంజనుకైతే సాయంత్రాలు సాయంత్రాలు నూనె రాస్తావు. మూతకో పిడి చెయ్యమంటే బిరడా."

మనవరాలు జోసీ రొట్టె నములుతూ ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. ఏడేళ్ల పిల్ల. అప్పటికే స్కీయింగ్ ప్యాంటు వేసుకుని కూర్చుంది. "మెమే, ఇవాళైనా పై లిఫ్ట్ తెరుస్తారా?" అని అమ్మమ్మని అడిగింది.

"తెరవడానికి మనుషుల్లేరట."

"ఆ కంపెనీకి కొండ కొనడానికి డబ్బుంది గానీ మనుషుల్ని పెట్టడానికి లేదు" అన్నాడు రోలాండ్. తర్వాత గొంతు తగ్గించాడు. "నువ్వు మాత్రం అక్కడ నోరు జారకు. దీని పాసు నీ ఉద్యోగానికి కట్టేసి ఉంది."

ఆ మాట ఒడెట్‌కి ఎవరూ గుర్తు చెయ్యక్కర్లేదు. లిఫ్ట్ దగ్గర పనిచేసేవాళ్ల పిల్లలకీ మనవలకీ పాసు ఉచితం. కిటికీ దగ్గర టికెట్ కొని జోసీని కొండ ఎక్కించే స్తోమత ఆ ఇంట్లో ఎవరికీ లేదు. కూతురు సెలీన్ వృద్ధాశ్రమంలో చేసే పనికొచ్చే జీతం పొయ్యికీ బండికీ సరిపోతుంది, అంతే. ఒడెట్ మూతని తాడుతో కుండకి కట్టి, తువ్వాలు చుట్టి ఎత్తుకుంది. రాత్రంతా సన్నని వేడి మీద ఉడికిన చిక్కుడు గింజలు. మేపుల్ పాకం, ఉప్పు పంది మాంసం వాసన తువ్వాల్లోంచి కూడా తగులుతోంది.

కొండ దారిలో ముసలి ఎవరెట్ పూల్ స్కీలు భుజాన వేసుకుని నడుస్తూ కనిపించాడు. ఊరి బడి బస్సు నడిపి రిటైరైన మనిషి. ఒడెట్ బండి ఆపింది.

"బండేదీ?"

"పెట్టడానికి చోటు ఫోన్లో ముందే బుక్ చేసుకోవాలటమ్మాయ్. నా ఫోనుకి మాట్లాడ్డం తప్ప ఏమీ రాదు." ఎక్కి కూర్చుని ఒళ్లో సంచీ సర్దుకున్నాడు. అందులో నల్ల రొట్టె ఉంది. ఆమె గింజలు, అతని రొట్టె. శనివారం మధ్యాహ్నాలు ఎన్నో ఏళ్లుగా అలాగే గడుస్తున్నాయి. "మీ నాన్న పచ్చిక మీదుగా దిగే దారి పేరు కూడా మార్చేశారు, చూశావా? 'మార్కాట్ మేత' బోర్డు పీకేసి ఏదో 'ఎక్స్‌ప్రెస్' అని పెట్టారు. అక్కడ ఎక్స్‌ప్రెస్‌గా పోయింది మీ ఆవు ఒక్కటే. కంచె దూకి!"

వెనక సీట్లో జోసీ పకపకా నవ్వింది. ఒడెట్ నవ్వలేదు గానీ పెదవి ఒక పక్కకి సాగింది.

కొండ కింద హాల్లో కిటికీల వెంబడి పొడుగాటి చెక్క అరుగు ఉంది. ఊళ్లో ఒక్కో కుటుంబానికి అక్కడొక చోటు. పొద్దున్నే కుండ తెచ్చి ప్లగ్గులో పెట్టి కొండెక్కుతారు. మధ్యాహ్నం దిగేసరికి హాలంతా పదిళ్ల వంటల వాసన. ఎవరి గిన్నెలో ఎవరైనా గరిటె పెట్టొచ్చు. ఒడెట్ వాళ్ల మార్కాట్ కుటుంబం చోటు మూడో కిటికీ కింద.

ఇవాళ అరుగంతా ఖాళీగా ఉంది. ప్లగ్గులన్నిటి మీదా తెల్ల ప్లాస్టిక్ పలకలు మరలతో బిగించి ఉన్నాయి. వాటి ముందు కొండ మేనేజరు బ్రెంట్ నిలబడి, కుండలు తెచ్చినవాళ్లకి ఒక్కొక్కరికీ సర్దిచెబుతున్నాడు. కంపెనీ వేరే రాష్ట్రం నుంచి పంపిన కుర్రాడు. నిద్రలేని కళ్లు, శుభ్రమైన జాకెట్టు.

"బయటి తిండి హాల్లో వద్దని పైనుంచి చెప్పారండీ, ఒడెట్ గారూ. భద్రత కోసం."

"చిక్కుడు గింజలకి భయపడే కంపెనీ కొండల్నెందుకు కొంటుందయ్యా?" అన్నాడు ఎవరెట్.

"మన క్యాంటీన్లో సూపు ఉంది కదండీ."

"ఉంది. దాని ధర చూస్తే చాలు, ఆకలి చచ్చిపోతుంది."

ఒడెట్ కుండని గుండెలకి ఆనించుకుని లిఫ్ట్ గుడిసెకి నడిచింది. చెక్క గోడలు, ఒక కిటికీ, కాళ్ల దగ్గర చిన్న హీటరు. గుడిసెలో ఉన్నది ఒకటే ప్లగ్గు. హీటరు పీకి కుండ పెట్టింది.

తర్వాత పనిలో పడింది. అది పాత లిఫ్ట్. ఇద్దరు కూర్చునే కుర్చీలు తీగ మీద వేలాడుతూ ఆగకుండా తిరిగి వస్తాయి. వచ్చే కుర్చీని చేత్తో పట్టి, ఒక్క క్షణం వెనక్కి లాగకపోతే నిలబడ్డవాళ్ల మోకాళ్ల వెనక దెబ్బ పడుతుంది. ఒడెట్ దాన్ని పడుతుంది, ఒళ్లంతా వెనక్కి వాల్చి బరువు ఆపుతుంది, కూర్చోగానే వదులుతుంది. మళ్లీ ఇంకోటి. ఎడమ భుజం కుడిదానికంటే కిందికి దిగిపోయింది. చేతితొడుగుల అరచేతులు అరిగి నున్నబడ్డాయి. ఇదివరకు ఇద్దరు చేసిన పని ఇప్పుడామె ఒక్కతే చేస్తోంది. కాళ్ల కింద హీటరు లేక వేళ్లు మొద్దుబారాయి. ఆమె నేలని తన్నుకుంటూ కుర్చీలు పట్టింది.

పై లిఫ్ట్ మూసి ఉండటంతో జనమంతా ఇక్కడే. లైను పార్కింగు దాకా పాకింది. దూరం నుంచి వచ్చినవాళ్లు విసుక్కుంటున్నారు, ఊరివాళ్లు తిట్టుకుంటున్నారు. మధ్యాహ్నానికి గుడిసె కిటికీలోంచి ఆవిరి బయటికి వచ్చింది. లైనులో తలలు ఒక్కటొక్కటే తిరిగాయి.

"ఏం వాసన అది?"

"మార్కాట్ల గింజలు" అన్నాడు ఎవరెట్, గుడిసెలోకి దూరి. కాగితం కప్పులు, గరిటె తీశాడు. రొట్టెని మోకాలి మీద పెట్టి విరిచాడు. "లైను వదలకండి. కప్పు మీ దగ్గరికే వస్తుంది."

ఒడెట్ కుర్చీల దగ్గర్నుంచి కదల్లేదు. వెనక నవ్వులు వినిపిస్తుంటే భుజం నొప్పి కాస్త తగ్గినట్టనిపించింది.

బ్రెంట్ మంచు బండి మీద వచ్చాడు. "ఒడెట్ గారూ, అది తీసేయండి."

"హీటరు తీసే పెట్టాను. మీ కరెంటేమీ ఎక్కువ తినడం లేదు."

"కరెంటు కాదండీ. నేను పైవాళ్లకి చెప్పాల్సి వస్తుంది." గొంతు తగ్గించాడు. "మీ ఉద్యోగం పోతే పాప పాసు కూడా పోతుంది. నాకు చెప్పడానికే బాగాలేదు."

పాప అప్పుడే లైను ముందుకి వచ్చింది. కప్పు అంచున నాలుక పెట్టి చివరి పాకం నాకుతోంది. ఒడెట్ కుర్చీని రెండు చేతులా పట్టి పూర్తిగా ఆపింది. పిల్లని నడుం పట్టి ఎత్తి కూర్చోబెట్టింది.

"ముక్కు తుడుచుకో" అంది. కుర్చీ వదిలింది. జోసీ కాళ్లు గాలిలో ఊగుతూ పైకి వెళ్లాయి. అవి చిన్నగా అయ్యేదాకా చూసింది.

"ఏమంటారు?" అన్నాడు బ్రెంట్.

"పక్కకి జరుగు బాబూ. లైను కదలాలి."

కుండ ప్లగ్గులోనే ఉంది. సాయంత్రం చివరి కుర్చీ ఖాళీగా తిరిగొచ్చేదాకా ఆమె ఒక్క కుర్చీనీ ఎవరికీ తగలనివ్వలేదు. అప్పుడు మోటారు ఆపి, మంచుతో కుండ తోమి, తువ్వాలుతో తుడిచింది. గుడిసె తుడిచి, హీటరు మళ్లీ ప్లగ్గులో పెట్టింది, రేపు వచ్చేవాళ్లకి చలేస్తుందని. కంపెనీ జాకెట్టు విప్పి, పేరు బిళ్లతో సహా మేకుకి తగిలించింది. ఒంటి మీద ఉన్ని చొక్కాతో హాలు వైపు నడిచింది.

రాత్రి బల్ల మీద బఠాణీ సూపు. సెలీన్ ఆశ్రమం నుంచి అప్పుడే వచ్చి, బూట్లైనా విప్పకుండా కూర్చుంది. అందరి గిన్నెలూ నిండాక ఒడెట్ చెప్పింది.

"రేపటినుంచి నేను కొండకి వెళ్లడం లేదు."

సెలీన్ చెంచా ఆగింది. "అమ్మా, మరి దీని పాసు?"

"పోయింది."

జోసీ కింది పెదవి వణికింది. ఏడవలేదు. "మరి నేనెక్కడ స్కీయింగ్ చెయ్యాలి?"

ఒడెట్ భర్త వైపు తిరిగింది. "నీ ఇంజను అరవడానికేనా, తాడేమైనా లాగుతుందా?"

రోలాండ్ మూతి తుడుచుకున్నాడు. ఇంటి వెనక పచ్చిక మీద ఆ ఇంజను ఒకప్పుడు పొడుగాటి తాడు తిప్పేది. ఆ తాడు పట్టుకుని గుట్ట ఎక్కే సెలీన్ స్కీయింగ్ నేర్చుకుంది. "లాగుతుంది. తాడే కుళ్లిపోయింది."

"ఎవరెట్ కొట్టంలో ఉందట. అడిగాను."

"అడిగేశావా?"

"వచ్చే శనివారం నడుపుతున్నాం. టికెట్ లేదు, బుకింగ్ లేదు. ఎవరి కుండ వాళ్లు తెచ్చుకుంటారు. ప్లగ్గులు నువ్వు వెయ్యి, షెడ్డు గోడ పొడుగునా."

"చిన్న గుట్టమ్మా అది" అంది సెలీన్. కానీ నవ్వు ఆపుకుంటోంది.

"జోసీ కూడా చిన్నదే."

రోలాండ్ గిన్నె పక్కకి నెట్టి లేచాడు. తలుపు దగ్గర ఆగి, సింకు పక్కన చూశాడు. "కుండేదీ? ఇటివ్వు. మంచి పిడి చేస్తాను, ఇక నస పెట్టకు."

"దాన్ని తేలేదు. దాని చోటులో అదుంది."

కొండ కింద, తాళం వేసిన హాల్లో, మూడో కిటికీ కింద ఒంటరిగా కుండ కూర్చుని ఉంది. పైన తెల్ల పలక, కిందుగా చక్కగా చుట్టిపెట్టిన తీగ, మూత మీద నిటారుగా నిలబడ్డ బిరడా.